పెంచిన పవర్, వంగిన హెడ్

డ్యాష్‌బోర్డు కింద ఉండే సాకెట్‌కి లాప్‌టాప్ తగిలించి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లోని లెక్కలు మార్చేస్తే అరగంటలో ఇరవై, పాతిక హార్స్‌పవర్ అదనంగా వచ్చేస్తుంది. టర్బో డీజిల్ కార్లున్న కుర్రాళ్లలో ఈ రీమ్యాప్ మోజు మన దగ్గర బాగా పెరిగింది. పికప్ అదిరిపోతుందన్న మాటలో అబద్ధం లేదు. అయితే ఆ అరగంటలో మారినవి అంకెలు మాత్రమే. రేడియేటర్ పాతదే, వాటర్ పంపు పాతదే, ఫ్యాన్ పాతదే, సిలిండర్ల మీద బిగించి ఉన్న అల్యూమినియం హెడ్ కూడా పాతదే.

అలాంటి కారు హెడ్ దించి ఆటోనగర్ లేత్ షాపుకి మోసుకొచ్చినప్పుడు ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "మొన్నటిదాకా బాగానే ఉందన్నా, ఒక్కసారి హీటెక్కిందంతే." ఆ ఒక్కసారిలో లోపల ఏం జరిగిందో తెలిస్తే, పోయే హెడ్లలో చాలావాటిని ముందే కాపాడుకోవచ్చు.

ముందు వేడి లెక్క చూద్దాం. మన రోడ్ల మీద ఎన్నో పేర్లతో తిరిగిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్‌నే తీసుకోండి. ఫియట్ రూపొందించిన ఈ ఇంజన్ మారుతి స్విఫ్ట్‌లో వచ్చింది, టాటా విస్టాలో వచ్చింది, ఫియట్ పుంటోలోనూ వచ్చింది. మామూలు రకం శక్తి 75 హార్స్‌పవర్, అంటే 55 కిలోవాట్లు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టినప్పుడు అంత శక్తి రావాలంటే లోపల 150 కిలోవాట్లకు పైగా విలువైన డీజిల్ మండాలి. పనికి రాగా మిగిలిందంతా వేడి. అందులో పెద్ద భాగం సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. మండిన మొత్తంలో పాతిక శాతం, కాస్త అటూఇటూగా, కూలెంట్ మోసుకెళ్లాలి. అంటే సుమారు 40 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు ఇరవై ఒకేసారి ఆన్ చేసి, ఆ వేడినంతా పట్టుమని పది లీటర్లు కూడా లేని కూలెంట్‌లోకి వదిలినట్టు. రీమ్యాప్‌తో ఇదే ఇంజన్‌ను 100 హార్స్‌పవర్ దాకా తీసుకెళితే కూలెంట్ మీద పడే వాటా 50 కిలోవాట్లు దాటుతుంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పెంచిన పవర్‌ని వాడనంతసేపూ ఈ అదనపు వేడి పుట్టదు. చిన్న కారు చదునైన రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంతో సాఫీగా పోవడానికి పది కిలోవాట్లు కూడా అక్కర్లేదు. తిరుమల ఘాట్ రోడ్డు సంగతి కూడా లెక్క వేసి చూడండి. మనుషులతో కలిపి 1,400 కిలోల బండి సుమారు 700 మీటర్ల ఎత్తు అరగంటలో ఎక్కితే, ఆ ఎత్తు ఎక్కడానికి సగటున కావలసింది ఐదారు కిలోవాట్లే. ఘాట్‌లో బండ్లు హీటెక్కుతున్నాయంటే కారణం ఎక్కువగా గాలి అందకపోవడం: నెమ్మదిగా పాకే వేగం, ఫుల్లుగా ఏసీ, నీరసించిన ఫ్యాన్ మోటార్. రీమ్యాప్ చేసిన కారుకు అసలు పరీక్ష ఎక్కడంటే, ఖాళీ హైవే మీద మధ్యాహ్నం పూట పావుగంటసేపు యాక్సిలరేటర్ అదిమి పట్టినప్పుడు. రీమ్యాప్ చేయించిన మొదటి నెలల్లో ఏ తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. సిటీలో ఎవరైనా పూర్తి పవర్ వాడేది ఐదారు సెకన్లే. ఆ కాసేపట్లో పుట్టిన వేడిని ఇనుప బ్లాకూ కూలెంటూ కలిసి మింగేస్తాయి.

రేడియేటర్ చేయగలిగే పని ఒక తేడా మీద ఆధారపడి ఉంటుంది. లోపలి కూలెంట్ ఎంత వేడిగా ఉంది, పైనుంచి పోయే గాలి ఎంత చల్లగా ఉంది అన్నదే ఆ తేడా. కూలెంట్ 95 డిగ్రీలు, గాలి 25 డిగ్రీలు ఉంటే తేడా 70. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 50కి పడిపోతుంది. చలికాలం పొద్దున చేసిన పనిలో పావు వంతుకు పైగా అక్కడే పోయింది. పైగా ఆ గాలి రేడియేటర్‌ను నేరుగా తాకదు. ముందు ఏసీ కండెన్సర్ గుండా, చాలా టర్బో కార్లలో ఇంటర్‌కూలర్ గుండా కూడా పోయి, వాటి వేడిని ఎత్తుకుని వస్తుంది. టర్బో 45 డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే అది 145 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. రీమ్యాప్‌లో బూస్ట్ ఇంకా పెంచుతారు కాబట్టి ఇంకా వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ ఆ వేడిని వదిలేది రేడియేటర్‌కి వెళ్లబోయే గాలిలోనే. అలా మరో పది డిగ్రీలు కలిస్తే మిగిలిన తేడా 40. ఇంజన్ వదిలే వేడి పెరిగిన రోజే రేడియేటర్ సత్తా సగానికి దగ్గరపడుతుందన్నమాట. ఆ పైన గ్రిల్ ముందు పెద్ద పెద్ద లైట్లు, బార్లు బిగించిన కార్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రేడియేటర్ ముఖం మీద ప్రతి అంగుళమూ విలువైనదే.

ఇప్పుడు హెడ్ లోపలికి వెళదాం. సిలిండర్‌లో మండే వాయువు వేడి ఒక క్షణంపాటు 2,000 డిగ్రీలు దాటుతుంది. హెడ్ పోతపోసిన అల్యూమినియం మిశ్రమం 600 డిగ్రీలు రాకముందే కరగడం మొదలుపెడుతుంది. అయినా కరగకుండా ఎలా నిలబడుతోంది? మంట ఉండేది లిప్తపాటే. ఆ మంటకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో, లోహానికి అవతలి పక్కన కూలెంట్ ఆగకుండా పారుతోంది. అన్నిటికంటే వేడిగా ఉండేది రెండు వాల్వుల సీట్ల మధ్య మిగిలిన సన్నటి లోహపు వంతెన, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వుల వైపు. అంతా బాగున్నప్పుడు కూడా అక్కడ 200 డిగ్రీలకు పైగా ఉండవచ్చు.

సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూతలోని స్ప్రింగు ఒక అట్మాస్ఫియర్‌కు అటూఇటూగా అదనపు ఒత్తిడి పట్టి ఉంచితే 125 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు గట్టిపడి, స్ప్రింగు బలహీనపడిన మూత ఈ రక్షణనంతా పోగొడుతుంది. మొత్తం కూలింగ్ సిస్టమ్‌లో అతి చవకైన భాగం ఇదే, అందరూ మర్చిపోయే భాగమూ ఇదే.

వేడి గోడ దగ్గర కూలెంట్ చిన్న చిన్న బుడగలుగా మరగడం చెడ్డదేమీ కాదు. బుడగ పుట్టి గోడను వదిలి వెళ్లేటప్పుడు బోలెడంత వేడిని తీసుకుపోతుంది. ప్రమాదం ఆ హద్దు దాటాక మొదలవుతుంది. బుడగలు వదిలి పోయే లోపే పక్కవాటితో కలిసిపోయి గోడంతా ఆవిరి పొరగా పరుచుకుంటాయి. ఆవిరికి వేడిని మోసే శక్తి చాలా తక్కువ. జర్మన్ వైద్యుడు యోహాన్ గాట్లోబ్ లైడెన్‌ఫ్రాస్ట్ 1756లో వివరించింది ఈ సంగతే. ఎర్రగా కాల్చిన ఇనుప గరిటెలో వేసిన నీటి చుక్క వెంటనే ఇగిరిపోకుండా, తన కిందే పుట్టిన ఆవిరి మీద తేలుతూ చాలాసేపు నిలిచింది. హెడ్‌లో అదే జరిగితే నీళ్లు లోహాన్ని తాకడం మానేస్తాయి. ఆ చోట లోహం వేడి సెకన్లలో 300 వైపు పరిగెత్తుతుంది. కొన్ని అంగుళాల అవతల ఉన్న సెన్సర్ మాత్రం కూలెంట్ 105 డిగ్రీలనే చెబుతుంది. హెడ్‌ను చంపేది సగటు వేడి కాదు, ఇలాంటి ఒక్క చోటి వేడి.

పెట్రోల్ టర్బో కార్లలో దీనికి నాకింగ్ కూడా తోడవుతుంది. ట్యూనింగ్‌లో స్పార్క్‌ను మరీ ముందుకు జరిపినా, తక్కువ రకం పెట్రోల్ పోసినా, మంట చేరకముందే మూలల్లోని మిశ్రమం దానంతటదే పేలుతుంది. ఆ పేలుడు అలలు హెడ్ గోడకు అంటిపెట్టుకుని ఉండే పల్చటి చల్లని వాయుపొరను చెదరగొడతాయి. అప్పటిదాకా కవచంగా ఉన్నది పోయి, మంట వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది.

లోహం ఎలా దెబ్బతింటుందో కాస్త నిదానంగా చూడాలి. మల్టీజెట్ లాంటి ఇంజన్లలో బ్లాక్ పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్ 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడెక్కితే మిల్లీమీటరులో ముప్పాతిక వంతు సాగుతుంది. దాని కిందున్న ఇనుము సాగేది అందులో సగమే. ఈ రెండింటి మధ్య రోజూ జరిగే ఈ జరుగుడునంతా వాటి నడుమ ఉండే గ్యాస్కెట్ ఓర్చుకుంటుంది. ఇప్పటి ఇంజన్లలో పల్చటి ఉక్కు రేకులను పొరలుగా పేర్చి గ్యాస్కెట్ చేసేది ఇందుకే. ఆ పొరలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జారుతూ సీల్ నిలబెడతాయి.

హెడ్ మధ్య భాగం ఒక్కటే విపరీతంగా వేడెక్కితే కథ మారుతుంది. మధ్య లోహం సాగాలని చూస్తుంది. చుట్టూ ఉన్న చల్లని లోహం, గట్టిగా బిగించిన బోల్టులు దాన్ని సాగనివ్వవు. పోవడానికి చోటు లేక అది తనలో తాను నలిగిపోతుంది. ఆ నలగడం శాశ్వతం. చల్లారాక ఆ భాగం మునుపటికన్నా పొట్టిదై ఉంటుంది, చుట్టుపక్కల లోహం దాన్ని అన్ని వైపుల నుంచీ లాగుతుంది. వాల్వుల మధ్య వంతెనలో పగులు వచ్చేది వేడిగా ఉన్నప్పుడు అనుకుంటాం. నిజానికి అది ఎక్కువగా తెరుచుకునేది చల్లారేటప్పుడే. హెడ్ మొత్తం విల్లులా వంగేది కూడా ఈ లాగుడు వల్లే.

బయటికి కనిపించని మూడో నష్టం ఒకటుంది. 1906లో ఆల్ఫ్రెడ్ విల్మ్ అనే జర్మన్ లోహ శాస్త్రవేత్త, కొద్దిగా రాగి, మెగ్నీషియం కలిపిన అల్యూమినియం వేడిచేసి చల్లార్చాక రోజులు గడిచేకొద్దీ గట్టిపడుతోందని కనిపెట్టాడు. హెడ్‌కు వాడే మిశ్రమాల బలం కూడా ఇలా వచ్చిందే. ఫ్యాక్టరీలో 150 నుంచి 200 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచి, లోహం లోపల కంటికి కనిపించనంత సన్నటి రేణువులు పుట్టిస్తారు. అవే దాన్ని గట్టిగా ఉంచుతాయి. ఆ హద్దుకు మించి వేడి తగిలితే ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, లోహం మెత్తబడుతుంది. చూడటానికి హెడ్ కొత్తదానిలాగే ఉంటుంది. బోల్టు మాత్రం అందులోకి దిగబడిపోతుంది. ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా నెలకోసారి నీళ్లు లాగే హెడ్ల వెనక చాలాసార్లు ఉండే కారణం ఇది.

వేడి పోయే దారి చూసుకోకుండా పవర్ పెంచడం కుర్రాళ్లు, చిన్న షెడ్ల వాళ్లే చేస్తారనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ 1989లో 1.4 లీటర్ల కే-సిరీస్ ఇంజన్‌ను కార్లలో ప్రవేశపెట్టింది. మొత్తం అల్యూమినియంతో చేసిన తేలికైన ఇంజన్ అది. హెడ్‌నూ బ్లాక్‌నూ కింది బేరింగు చట్రాన్నీ కలిపి పైనుంచి కిందిదాకా దిగే 10 పొడవాటి బోల్టులతో బిగించారు. త్వరగా వేడెక్కడం కోసం కూలెంట్‌ను చాలా తక్కువగా ఉంచారు. చిన్న ఇంజన్‌గా ఉన్నంతకాలం దానికి మంచి పేరే ఉంది. తర్వాత అదే ఇంజన్‌ను 1.8 లీటర్లకు పెంచి, 1995లో ఎంజీఎఫ్ స్పోర్ట్స్ కారుతో తెచ్చారు. ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్‌లో, లోటస్ ఎలీజ్‌లో కూడా పెట్టారు. పెరిగిన వేడికి మొదటి నుంచీ ఉన్న ఆ తక్కువ కూలెంట్‌లో మిగులు చాలా కొద్ది. ఎక్కడైనా కాస్త కారినా ఇంజన్ వెంటనే హీటెక్కేది. ఎంజీఎఫ్‌లో ఇంజన్ సీట్ల వెనక, రేడియేటర్ కారు ముందు భాగంలో. మధ్యలో పొడవాటి పైపులు. వేడిని బట్టి దారి తెరిచే థర్మోస్టాట్, కూలెంట్ ఇంజన్‌లోకి వచ్చే వైపు ఉండటంతో, అది తెరుచుకోగానే పైపుల్లో చల్లగా నిలిచిన కూలెంట్ వేడి లోహం మీదికి ఒక్కసారిగా దూసుకొచ్చేది. హెడ్‌ను సరైన చోట నిలిపే డోవెల్స్ కొంతకాలం ప్లాస్టిక్‌వి వాడారు, తర్వాత ఉక్కువి పెట్టారు. గ్యాస్కెట్‌ను కూడా ఉక్కు పొరల రకానికి మార్చారు. ఈలోగా హెడ్ గ్యాస్కెట్ అనగానే కే-సిరీస్ గుర్తొచ్చేంత చెడ్డపేరు వచ్చేసింది. ఇంజనీర్లు, పరీక్షా కేంద్రాలు ఉన్న కంపెనీకే శక్తి పెంచినప్పుడు వేడికి దారి చూపడం ఇంత కష్టమైంది. ఒక లాప్‌టాప్‌తో చేసే మార్పు విషయంలో ఎంత జాగ్రత్త కావాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

పవర్ పెంచని మార్పులు కూడా హెడ్‌కు ఎసరు పెడతాయి. ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్లు చూడండి. గ్యాస్ సిలిండర్‌లోంచి వచ్చే గ్యాస్ ఒత్తిడి తగ్గేటప్పుడు బాగా చల్లబడుతుంది. అక్కడ గడ్డకట్టకుండా, ఒత్తిడి తగ్గించే రెడ్యూసర్‌కు ఇంజన్ కూలెంట్‌నే పంపిస్తారు. అందుకోసం హీటర్ పైపు కోసి టీ జాయింట్లు వేస్తారు. క్లిప్పు సరిగ్గా బిగించకపోతే కూలెంట్ బొట్లు బొట్లుగా పోతుంది. పని అయ్యాక గాలి సరిగ్గా తీయకపోతే హెడ్‌లో ఎయిర్ లాక్ మిగిలిపోతుంది. గ్యాస్‌కి మార్చాక హీటింగ్ మొదలైందన్న చాలా కార్లలో తప్పు గ్యాస్‌ది కాదు, ఆ రెండు జాయింట్లది.

హీటెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేసే అలవాటు మన షెడ్లలో చాలా పాతది. ఇది మానాలని గట్టిగా చెబుతాను. ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూసేస్తుంది. అది లేకపోతే కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ దాకా పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వచ్చేస్తుంది. సరిగ్గా ఎక్కువ చల్లదనం కావలసినప్పుడే తక్కువ అందుతుంది.

బోరు నీళ్లు పోయడం ఇంకో అలవాటు. అందులోని సున్నం హెడ్ లోపలి వాటర్ జాకెట్ గోడల మీద పొరకడుతుంది. సున్నపు పొరకు వేడిని పంపే శక్తి అల్యూమినియం కన్నా వంద రెట్ల దాకా తక్కువ. ఒక్క మిల్లీమీటరు పొర, సుమారు పది సెంటీమీటర్ల అదనపు లోహం అడ్డుపెట్టినంత పని చేస్తుంది.

మీటర్లోని ముల్లును నమ్ముకునేవాళ్లకు ఒక మాట. చాలా కార్లలో ముల్లు సుమారు 80 నుంచి 100 డిగ్రీల దాకా మధ్యలోనే కదలకుండా నిలబడేలా కంపెనీయే ఏర్పాటు చేస్తుంది. అది కదలడం మొదలుపెట్టిందంటే వ్యవహారం అప్పటికే ముదిరింది. కూలెంట్ పూర్తిగా కారిపోతే సెన్సర్ చుట్టూ ఆవిరి తప్ప ద్రవం ఉండదు, ముల్లు కిందికి కూడా పడిపోవచ్చు. కొన్ని కార్లలో అసలు ముల్లే లేదు, ఎర్ర లైటు ఒక్కటే. రీమ్యాప్‌కి డబ్బు పెట్టాలనుకునేవాళ్లు ముందు డ్యాష్‌బోర్డు కింది అదే సాకెట్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం కొని, ఫోన్‌లో అసలు కూలెంట్ వేడి ఎంతో నెల రోజులు గమనించాలి. ఎండలో, ఏసీతో, లోడుతో కారు ఇప్పటికే 100 దాటుతుంటే పవర్ పెంచడానికి అందులో చోటు లేదు.

దారిలో హీటెక్కితే మొదటి కొన్ని నిమిషాలే హెడ్ తలరాత రాస్తాయి. వేడి పెరుగుతోందని గమనించగానే ఏసీ ఆపి, హీటరూ బ్లోయరూ పూర్తిగా పెట్టండి. ఎండలో నరకంలా ఉంటుంది, కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. మెల్లగా పక్కకి తీసి ఆపండి. ఎర్ర లైటు వెలిగినా, బానెట్ కిందినుంచి ఆవిరి వచ్చినా ఇంజన్ అక్కడికక్కడే ఆపేయాలి. ఇంకో రెండు కిలోమీటర్లలో షెడ్డు ఉందన్న ఆశే చాలా హెడ్లను తినేసింది. మూత ముట్టుకోవద్దు. లోపల 120 డిగ్రీల దగ్గర ఒత్తిడి వల్లే ద్రవంగా నిలిచి ఉన్న నీళ్లు, మూత వదులవగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. చేత్తో పైపు పట్టుకోగలిగేంత చల్లారేదాకా ఆగండి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే పైన చెప్పిన లాగుడంతా ఒక్క క్షణంలో జరుగుతుంది. అప్పటిదాకా వంగి మాత్రమే ఉన్న హెడ్ అప్పుడు పగలవచ్చు.

గ్యాస్కెట్ పోయిందో లేదో హెడ్ దించకుండానే తెలుసుకోవచ్చు. కారడం కనిపించకుండా కూలెంట్ తగ్గుతుంటే, పొద్దున్నే చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పైపులు రాయిలా బిగుసుకుంటే, సైలెన్సర్‌లోంచి తీపి వాసనతో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే అనుమానించాలి. ఆయిల్ మూత కింద పాలలాంటి నురగ ఒక్కటే చూసి భయపడొద్దు. వానాకాలంలో తక్కువ దూరాలు తిరిగే బండిలో మామూలు చెమ్మ వల్ల కూడా అది వస్తుంది. నమ్మదగ్గ పరీక్ష రంగు నీళ్లది. రేడియేటర్ మూత చోట ఒక గొట్టం పెట్టి, లోపలి గాలిని బ్రోమోథైమాల్ బ్లూ కలిపిన నీలి ద్రవంలోంచి పీలుస్తారు. సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపు వైపు తిరుగుతుంది.

హెడ్ దించక తప్పనప్పుడు లేత్ షాపులో మీరు పక్కనే నిలబడి చూడండి. కింది ముఖాన్ని శుభ్రంగా గీకి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ ఆనించి, మధ్య సందులో ఫీలర్ గేజ్ రేకులు ఒక్కొక్కటిగా దూర్చి చూస్తారు. చాలా ఇంజన్లకు హద్దు 0.05 మిల్లీమీటరు. ఆ పల్చటి రేకు ఏ అడ్డూ లేకుండా జారిపోతే హెడ్ వంగినట్టే. ఇక్కడ చాలామంది ఫేసింగ్ కొట్టించి తెచ్చేసుకుంటారు. అది చాలదు. హెడ్ విల్లులా వంగినప్పుడు కింది ముఖంతో పాటు పైన క్యామ్‌షాఫ్ట్ తిరిగే గూళ్ల వరుస కూడా వంగుతుంది. కింద ఎంత నున్నగా కోసినా పైన వంపు అలాగే ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్‌ను గూళ్లలో పెట్టి, టోపీలు బిగించి చేత్తో తిప్పమనండి. ఎక్కడైనా పట్టేస్తే ఆ హెడ్‌ను ముందు నిటారు చేయించాలి, లేదా పక్కన పెట్టేయాలి. డీజిల్ ఇంజన్లలో పిస్టన్‌కూ వాల్వులకూ మధ్య ఖాళీ ఎలాగూ తక్కువ. కోసినంత మందం ఆ ఖాళీలోంచే పోతుంది కాబట్టి ఎంత కోశారో రాయించుకుని, దానికి తగ్గ మందం గ్యాస్కెట్ తెచ్చుకోవాలి. అసలు కోయడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కూడా మాన్యువల్ చూసి తేల్చుకోవాలి. నీళ్ల దారులన్నీ మూసి, వేడి నీళ్లలో ముంచి, లోపలికి గాలి పట్టించి ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాల్వుల మధ్య సన్నటి పగులు కంటికి కనిపించకపోయినా బుడగల వరుసగా బయటపడుతుంది. వాల్వుల మధ్య, బోల్టు రంధ్రాల దగ్గర గట్టిదనం కొలిచే సాధనం ఉన్న షాపు దొరికితే ఆ పరీక్ష కూడా అడగండి. మెత్తబడిన హెడ్ మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఎక్కించేటప్పుడు బోల్టులు కొత్తవే వాడాలి. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి బోల్టు కొద్దిగా సాగేదాకా బిగించడమే పద్ధతి. ఒకసారి సాగినది రెండోసారి అంత పట్టు ఇవ్వదు. మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, చెప్పిన వరుసలో, చెప్పిన కోణాల్లో బిగించి, కూలెంట్ పోసి, గాలంతా పోయేదాకా హీటర్ తెరిచి ఇంజన్ నడపాలి. కారు రోడ్డెక్కేముందు ఇంజన్ కంప్యూటర్‌లో కంపెనీ లెక్కలే తిరిగి ఎక్కించండి. మళ్లీ పవర్ కావాలనిపిస్తే మొదటి ఖర్చు పెద్ద రేడియేటర్ మీద పెట్టండి.